మధ్యలో విమానం మారడానికి వీసా కావాలా? అల్లుడిని ఎలా అడగాలి?

కోస్తా జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఆమెకు 59 ఏళ్లు, భర్తకు 66. ఆయన రిటైరైన టీచరు. షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. ఒక్కతే కూతురు, మెల్‌బోర్న్‌లో కాపురం, ఇప్పుడు ఏడో నెల. పురుడు పోయడానికి అత్తమామలు రావాలని అల్లుడే పూనుకుని ఇద్దరికీ ఆస్ట్రేలియా విజిటర్ వీసాలు తెప్పించాడు, టికెట్లు కూడా కొన్నాడు. హైదరాబాద్ నుంచి వియత్నాంలోని హోచిమిన్ సిటీకి ఒక విమానం, అక్కడ తొమ్మిది గంటలు ఆగాక మెల్‌బోర్న్‌కు ఇంకోటి. రెండూ చవక విమానాలే. మామూలు టికెట్లతో పోలిస్తే ఇద్దరికీ కలిపి ముప్పై వేల దాకా మిగిలిందట. నాలుగున్నర నెలల తర్వాత తిరుగు ప్రయాణం కూడా ఇదే దారిలో. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. ఇంకా 24 రోజులుంది.

పక్కింటి అబ్బాయి టికెట్ చూసి, "వియత్నాం వీసా లేకపోతే శంషాబాద్‌లోనే ఆపేస్తారు ఆంటీ" అన్నాడు. హైదరాబాద్‌లో ఉండే మరిది, "ఎయిర్‌పోర్ట్ దాటి బయటికి వెళ్లరుగా వదినా, వీసా ఎందుకు?" అన్నాడు. ఊళ్లో ట్రావెల్ ఏజెంటు, మనిషికి ఎనిమిది వేలిస్తే వీసా తెప్పిస్తానన్నాడు. టికెట్లు కొన్న రోజున అల్లుడు, "టెన్షన్ పడకండి అత్తయ్యగారూ, ఎయిర్‌పోర్ట్‌లోనే కూర్చుంటారు కదా" అన్నాడు. మళ్లీ అడుగుతానంటే భర్త వద్దంటున్నారు. "అంత ఖర్చు పెట్టి తీసుకెళ్తున్నాడు, ఇప్పుడు ఇలా అడిగితే తన మీద నమ్మకం లేదనుకుంటాడు" అని ఆయన భయం. కూతురికి బీపీ కొంచెం ఎక్కువగా ఉంటోందని డాక్టర్ చెప్పారు కాబట్టి ఆమెకూ చెప్పలేదు. "రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. భాష రాని చోట మేమిద్దరం సామాన్లు పెట్టుకుని ఒక మూల నిలబడి ఉన్నట్టు అనిపిస్తోంది. వీసా కావాలా, వద్దా? కావాలంటే అల్లుడికి ఎలా చెప్పను?" అని రాశారు.

అమ్మా,

ముందుగా ఒక మాట. మీకు చెప్పినవాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. పక్కింటి అబ్బాయి చెప్పింది ఒక రకం టికెట్‌కు నిజం, మీ మరిది, అల్లుడు చెప్పింది ఇంకో రకం టికెట్‌కు నిజం. మీ చేతిలో ఉన్నది ఏ రకమో ఎవరూ చూడలేదు. అందుకే మీకు నిద్ర పట్టడం లేదు. మీ భయం అనవసరమైనది కాదు. 24 రోజుల ముందే అనుమానం రావడం మంచిదైంది.

విషయం ఇది. హోచిమిన్‌లో దిగాక ఇమిగ్రేషన్ (పాస్‌పోర్టు, వీసా చూసి దేశంలోకి రానిచ్చే చోటు) దాటకుండా, లోపలే ఒక గేటు నుంచి ఇంకో గేటుకు వెళ్లగలిగితే వియత్నాం వీసా అక్కర్లేదు. ఇమిగ్రేషన్ దాటి సామాన్లు తీసుకుని, మళ్లీ కౌంటర్ దగ్గర అప్పజెప్పాల్సి వస్తే మాత్రం మీరు ఆ దేశంలో అడుగుపెట్టినట్టే లెక్క. గంటసేపైనా సరే వీసా కావాలి. మన పాస్‌పోర్టుకు వియత్నాం ముందుగానే వీసా అడుగుతుంది. కాబట్టి అసలు ప్రశ్న "ఎయిర్‌పోర్ట్ దాటుతామా" అని కాదు, "మా పెట్టెలు ఎక్కడ దిగుతాయి" అని. పెట్టెలు వచ్చే బెల్టు ఇమిగ్రేషన్‌కు అవతల ఉంటుంది. పెట్టె కోసం వెళ్లాలంటే అధికారి ముందు నిలబడక తప్పదు.

పెట్టెలు ఎక్కడ దిగుతాయో మీ టికెట్ చెబుతుంది. అల్లుడు పంపిన మెయిల్ గానీ వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ గానీ తెరవండి. ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్ ఒకటి ఉంటుంది, పీఎన్ఆర్ అంటారు. హైదరాబాద్-హోచిమిన్, హోచిమిన్-మెల్‌బోర్న్ రెండూ ఒకే పీఎన్ఆర్ కింద ఉన్నాయా, లేక రెండు వేరువేరు కాగితాలు, రెండు వేరు కోడ్‌లు ఉన్నాయా చూడండి. రెండు కోడ్‌లుంటే మీవి రెండు విడి ప్రయాణాలు. రెండూ ఒకే కంపెనీ విమానాలైనా సరే, అది మీకు పెద్దగా పనికిరాదు. ఒకే కోడ్ ఉన్నా చవక విమానాల విషయంలో అక్కడితో ఆగకండి. చాలా చవక కంపెనీలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దింపడం వరకే బాధ్యత పెట్టుకుంటాయి. పెట్టెను చివరిదాకా పంపే సదుపాయం కొన్ని రూట్లలోనే, కొన్ని రకాల టికెట్లకే ఇస్తాయి. టికెట్ కొన్న వెబ్‌సైట్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని ఉంటే, మధ్యలో పెట్టె మీరే తీసుకుని మీరే మళ్లీ ఇవ్వాలని అర్థం.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, "హోచిమిన్ సిటీకి ఒక విమానం, మెల్‌బోర్న్‌కు ఇంకోటి" అన్నారు కాబట్టి రెండు పీఎన్ఆర్‌లే అని నా అనుమానం. అలా అయితే శంషాబాద్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి దృష్టిలో మీరు మెల్‌బోర్న్ వెళ్లే ప్రయాణికులు కాదు, వియత్నాం వెళ్లే ప్రయాణికులు. ఆమె కంప్యూటర్‌లో మీ ప్రయాణం అక్కడితో అయిపోతుంది. మీ పాస్‌పోర్టు నంబరు కొట్టి, ఏ దేశానికి ఏ కాగితాలు కావాలో చెప్పే టైమాటిక్ అనే లిస్టు చూస్తుంది. ప్రపంచంలో చాలా విమాన కంపెనీలు వాడే లిస్టు అది. వీసా లేని మనిషిని ఎక్కించి తీసుకెళ్తే అక్కడి ప్రభుత్వం విమాన కంపెనీకే జరిమానా వేయవచ్చు, మనిషిని వెనక్కి తేవడం కూడా కంపెనీ మీదే పడుతుంది. అందుకే ఆమె ఎంత మంచిదైనా మిమ్మల్ని వదలలేదు. మీరు మెల్‌బోర్న్ టికెట్ చూపించి బతిమాలినా ఆమె చేయగలిగింది తక్కువ.

ఇది నేను కళ్లారా చూశాను. రెండేళ్ల కిందట మా పిన్నీ బాబాయీ కొడుకు దగ్గరికి వెళ్తుంటే దింపడానికి వెళ్లాను. వాళ్లవీ రెండు విడి టికెట్లే. కౌంటర్‌లో అమ్మాయి పెట్టెలు తూకం మీద పెట్టించింది, పాస్‌పోర్టులు తిరగేసింది, లేచి వెళ్లి సూపర్‌వైజర్‌ను పిలుచుకొచ్చింది. "మీ లగేజీ మధ్య ఊరి వరకే ట్యాగ్ అవుతుంది ఆంటీ, అక్కడ దిగడానికి మీకు వీసా లేదు" అంది. పిన్నికి అర్థం కాలేదు. "మేం అక్కడ దిగం తల్లీ, కొడుకు దగ్గరికి వెళ్తాం" అని మళ్లీ మళ్లీ చెబుతోంది. ఆవకాయ డబ్బాకు ఆవిడే తెల్లగుడ్డ చుట్టి కుట్టింది, దాని మీద నీలం పెన్నుతో మనవరాలి పేరు రాసింది. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని తెల్లవారేదాకా కుర్చీలో కూర్చుంది. మొదటి విమానం ఎక్కలేదు కాబట్టి రెండోది కూడా పోయింది. రెండు టికెట్ల డబ్బులో వెనక్కి వచ్చింది చాలా తక్కువ. అయిదు రోజుల తర్వాత కొత్త టికెట్లతో వెళ్లారు. ఆ అయిదు రోజులూ మా తమ్ముడు వాళ్లమ్మకు ఫోన్ చేయడానికే మొహం చెల్లక ఉన్నాడు. మీ ఉత్తరం చదవగానే ఆ తెల్లగుడ్డ చుట్టిన డబ్బా గుర్తొచ్చింది. మీకు అలా జరగకూడదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. రెండు పీఎన్ఆర్‌లే అనుకుని చెబుతున్నాను.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యేది, టికెట్లు అలాగే ఉంచి వియత్నాం ఈ-వీసా తీసుకోవడం. ఇది ఆన్‌లైన్‌లోనే అవుతుంది. ఒక్కసారి ప్రవేశానికి ప్రభుత్వ ఫీజు 25 డాలర్లు, మన డబ్బులో మనిషికి రెండు వేల పైచిలుకు. ఏజెంటు ఎనిమిది వేలు అడిగింది దీనికే. వియత్నాం ప్రభుత్వ వెబ్‌సైట్ చిరునామా "డాట్ గవ్ డాట్ వీఎన్" అని ముగుస్తుంది. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి, చివరి అక్షరాలు చూసి మరీ తెరవమనండి. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫోటో, మీ ఫోటో, వెళ్లే తేదీ, ఏ ఎయిర్‌పోర్ట్‌లో దిగుతారో చెబితే చాలు. హోచిమిన్ ఎయిర్‌పోర్ట్ పేరు తాన్ సన్ న్యాట్. మూడు పని దినాల్లో ఇస్తామంటారు. సెలవులు తగిలినా, ఫోటో సరిగా లేదని తిప్పి పంపినా ఆలస్యమవుతుంది. కాబట్టి ఈ వారంలోనే అప్లై చేయాలి. కట్టిన ఫీజు మాత్రం ఏం జరిగినా తిరిగి రాదు.

ఇందులో తప్పులు జరిగేది రెండు చోట్ల. ఒకటి పేరు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టికెట్ కొనేటప్పుడు పిల్లలు అలవాటుగా పొడి అక్షరం కొట్టేస్తారు. కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడే ఖాళీగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో వీసాలోనూ టికెట్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. మీవీ మాస్టారివీ పాస్‌పోర్టులు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిపోల్చండి. రెండోది తేదీ. విమానం రాత్రి పొద్దుపోయాక బయలుదేరితే దిగేది మర్నాడు. వీసా మీద ఉన్న తేదీకి ముందు దిగితే లోపలికి రానివ్వరు. అందుకే వీసా మొదలయ్యే తేదీ మీరు దిగే రోజుకు ఒకటి రెండు రోజుల ముందే ఉండేలా వేయించుకోవడం మేలు.

తిరుగు ప్రయాణం సంగతి కూడా ఇప్పుడే ఆలోచించండి. వియత్నాం ఈ-వీసా ఎక్కువలో ఎక్కువ 90 రోజులకే ఇస్తారు. మీరు నాలుగున్నర నెలలు ఉంటారు కాబట్టి ఒకే వీసా రెండు ప్రయాణాలకూ సరిపోదు. రెండుసార్లు రావచ్చని 50 డాలర్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా అమ్మజూపినా మీకు దండగే. వెళ్లేటప్పటికి ఒకటి, వచ్చేటప్పటికి మెల్‌బోర్న్ నుంచే అప్లై చేసి ఇంకొకటి తీసుకోవాలి. పురుడు, పసిబిడ్డ హడావుడిలో ఇది మర్చిపోవడం చాలా తేలిక. అల్లుడి ఫోన్‌లో తేదీ పెట్టించండి.

ఈ-వీసా ఉంటే హోచిమిన్‌లో మీరు చేసేది ఇది. దిగాక ఇమిగ్రేషన్ వరుస, తర్వాత బెల్టు మీద పెట్టెలు, బయటికి వచ్చి లిఫ్టులో పైకి, మెల్‌బోర్న్ విమానం కౌంటర్ తెరిచేదాకా కూర్చోవడం, మళ్లీ చెకిన్, మళ్లీ ఇమిగ్రేషన్, సెక్యూరిటీ. అంతర్జాతీయ విమానాలన్నీ అక్కడ ఒకే టెర్మినల్‌లో వచ్చి వెళ్తాయి కాబట్టి బస్సులెక్కి తిరగాల్సిన పని లేదు. తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చోవడం మాస్టారి మోకాళ్లకు కష్టం. వీసా ఉంది కాబట్టి ఎయిర్‌పోర్ట్ పక్కనే హోటల్ గది తీసుకుని నడుం వాల్చనూ వచ్చు. వీల్‌చెయిర్‌ను రెండు టికెట్లకూ విడివిడిగా, ముందుగానే చెప్పి పెట్టాలి. మొదటి దానికి చెప్పింది రెండో దానికి వెళ్లదు. ఇన్సులిన్ ఉంటే మందుల చీటీతో సహా చేతి సంచీలోనే.

ఈ దారిలో ఒక ఇబ్బంది మిగిలే ఉంటుంది. మొదటి విమానం బాగా ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో టికెట్ వాళ్లకు ఆ బాధ్యత లేదు. మీరు రాలేదని రాసుకుంటారు, అంతే. తొమ్మిది గంటల వ్యవధి మంచిదే, చాలావరకు సరిపోతుంది. కానీ అది హామీ కాదు.

పెట్టెలు లేకుండా చేతి సంచీలతో వెళ్తే వీసా తప్పుతుందని ఎవరైనా చెబితే మీరు ఆ దారికి వెళ్లకండి. చవక విమానాల్లో సాధారణంగా ఏడు కిలోలే చేతికిస్తారు. అంతకన్నా ముఖ్యం, రెండు విడి టికెట్లు చూసి శంషాబాద్‌లో ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు, హోచిమిన్‌లో లోపలే రెండో బోర్డింగ్ పాస్ ఇచ్చే మనిషి ఉంటారన్న నమ్మకమూ లేదు. అలవాటున్న కుర్రాళ్లు వెళ్తే వెళ్లవచ్చు. మొదటిసారి వెళ్లే మీ ఇద్దరికీ ఇది పనికిరాదు. పైగా పురిటింటికి ఏడు కిలోలతో ఏ తల్లి వెళ్తుంది?

ఇంకో దారి, టికెట్లు మార్చడం. ఇది డబ్బుతో పని. చవక టికెట్లలో రద్దు చేస్తే వచ్చేది తక్కువ, తేదీ మార్చడానికీ రుసుము ఉంటుంది. అయినా బయలుదేరే ముందు మారిస్తే ఎంతో కొంత మిగులుతుంది, కౌంటర్ దగ్గర ఆగిపోతే దాదాపు ఏమీ మిగలదు. ఎంత పోతుందో అల్లుడు లెక్క చూడాలి. మార్చేటట్టయితే శంషాబాద్ నుంచి మెల్‌బోర్న్ దాకా ఒకే పీఎన్ఆర్ ఉండేలా, పెట్టెలు నేరుగా మెల్‌బోర్న్‌కే వెళ్లేలా కొనమనండి. మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి దానిలో ఎక్కించే బాధ్యత అప్పుడు వాళ్లదవుతుంది. చవకలోనూ ఇలాంటివి ఉన్నాయి. కౌలాలంపూర్ మీదుగా వెళ్లేందుకు ఎయిర్ ఏషియా "ఫ్లై-త్రూ" అనే పేరుతో ఇస్తుంది. ఒకే బుకింగ్, పెట్టె చివరి ఊరికి, మధ్యలో ఇమిగ్రేషన్ ఉండదు. కౌలాలంపూర్‌కు ఇంకో అనుకూలం ఉంది. మలేసియా 2023 డిసెంబర్ 1 నుంచి మనవాళ్లను 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది, 2026 చివరి దాకా పొడిగించింది. ఒకవేళ పెట్టె కోసం బయటికి రావాల్సి వచ్చినా చిక్కు ఉండదు. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపితే చాలు, పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. సింగపూర్ కూడా, ఆస్ట్రేలియా లాంటి కొన్ని దేశాల వీసా నెల రోజులకు తగ్గకుండా గడువుతో ఉండి, 96 గంటల్లో వెళ్లిపోయే టికెట్ ఉన్న మనవాళ్లకు వీసా లేకుండా ఆగే వీలిస్తుంది. అయితే అక్కడ అధికారిదే తుది మాట.

ఢిల్లీ వెళ్లి అక్కడి నుంచి నేరుగా మెల్‌బోర్న్ విమానం పట్టుకుంటే మధ్యలో వేరే దేశమే ఉండదు. ఖర్చు ఎక్కువ, మాస్టారి మోకాళ్లకు సుఖం ఎక్కువ. ఈ లెక్క మీ ఇంట్లో మీరే వేసుకోవాలి.

ఈ ఉత్తరం చదివే మిగతా తల్లిదండ్రులకు ఒక్క మాట. ఇది వియత్నాంకు చెప్పిన లెక్క, అన్ని దేశాలకూ ఇదే అనుకోవద్దు. లండన్‌లో అయితే లోపలే విమానం మారినా మన పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ వీసా అడుగుతారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాల వీసా చేతిలో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. యూరప్‌లో షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే దేశాల్లో) ఒకదాంట్లో దిగి, అక్కడి నుంచి ఇంకో షెంగెన్ దేశానికి చవక విమానం ఎక్కితే, అది ట్రాన్సిట్ కానే కాదు, యూరప్‌లోకి ప్రవేశించినట్టే. బ్యాంకాక్‌లో చవక విమానాలు చాలావరకు డాన్ మువాంగ్ ఎయిర్‌పోర్ట్‌లో దిగుతాయి, పెద్ద విమానాలు సువర్ణభూమిలో. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాలంటే ఇమిగ్రేషన్ దాటాల్సిందే.

అమ్మా, ఇక మీరు అడిగిన రెండో ప్రశ్న. నాకైతే వీసా కన్నా ఇదే పెద్దదనిపించింది. అల్లుడిని అడిగితే నొచ్చుకుంటాడని మీ ఇద్దరి భయం. ఆ అబ్బాయి చేసింది చూడండి. వీసాలు తెప్పించాడు, టికెట్లు కొన్నాడు, టెన్షన్ పడకండి అన్నాడు. మీ మీద ప్రేమ లేక కాదు, ఈ ఒక్క విషయం తెలియక అన్నాడు. అక్కడి పిల్లలు తాము వెళ్లి వచ్చే టికెట్లలో పెట్టె నేరుగా ఇంటికి చేరడం చూసి చూసి, అన్ని టికెట్లూ అంతే అనుకుంటారు. ఇప్పుడు అడిగితే ఒక సాయంత్రం చిన్నబుచ్చుకుంటాడేమో. అడగకుండా ఉండి శంషాబాద్‌లో ఆగిపోతే, నెలలు నిండిన భార్య పక్కన కూర్చుని అత్తమామలను తానే ఇరికించానని ఎన్ని రోజులు కుమిలిపోతాడో మా తమ్ముణ్ని చూశాను కాబట్టి నాకు తెలుసు. అడగడమే అతనికి గౌరవం.

కూతురికి దాచడం గురించి కూడా మాస్టారితో మాట్లాడండి. ఆమెకు బీపీ ఉందని మీరు దాచారు, సరే. కానీ ఇది ఈ వారంలో తేలిపోయే విషయం. తేలాక, "చిన్న అనుమానం వచ్చింది, చూసుకున్నాం, అయిపోయింది" అని చెప్పవచ్చు. విమానం ఎక్కాల్సిన రాత్రి తెలియడం ఆమె బీపీకి మంచిది కాదు. కాబట్టి ముందు అల్లుడితో మాట్లాడి, తర్వాత ఆమెకు చెప్పండి. మాస్టారు మాట్లాడితే అల్లుడికి పెద్దాయన నిలదీసినట్టు ఉండవచ్చు. మీరే వాట్సాప్‌లో రాస్తే నయం. కావాలంటే ఇలా రాయండి:

"బాబూ, అమ్మాయి ఎలా ఉంది? మీకు ఒక చిన్న పని చెబుతున్నాను. మా టికెట్లు రెండింటికీ పీఎన్ఆర్ ఒకటేనా, రెండా? మా పెట్టెలు శంషాబాద్‌లో ఇస్తే నేరుగా మెల్‌బోర్న్‌లోనే తీసుకుంటామా, మధ్యలో దిగి తీసుకోవాలా? మధ్యలో తీసుకోవాలంటే వియత్నాం వీసా కావాలంటున్నారు, ఆన్‌లైన్‌లో 25 డాలర్లట. మీరు కంపెనీ వాళ్లనొకసారి చాట్‌లో అడిగి, వాళ్లు ఇచ్చిన జవాబు నాకు పంపండి. వీసా కావాల్సి వస్తే పాస్‌పోర్టు ఫోటోలు ఈ రోజే పంపిస్తాను. మీ మామయ్యగారికి మొదటిసారి కదా, కాస్త కంగారు."

కంపెనీ ఇచ్చిన జవాబును స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ఈ-వీసా రెండు కాపీలు, మెల్‌బోర్న్ టికెట్, ఆస్ట్రేలియా వీసా మంజూరు పత్రం, అన్నీ ప్రింట్ తీయించండి. ఆస్ట్రేలియా వీసాకు పాస్‌పోర్టులో స్టిక్కర్ ఉండదు, అంతా కంప్యూటర్‌లోనే ఉంటుంది. కాగితం చేతిలో ఉంటే మీకు ధైర్యం. ఆవకాయలు, పొడులు, కాయం ఏది తీసుకెళ్లినా మెల్‌బోర్న్‌లో దిగేముందు ఇచ్చే కార్డులో "తినే వస్తువులున్నాయి" అని రాయండి. రాస్తే చూసి పంపిస్తారు, పనికిరానిది ఉంటే తీసేస్తారు. రాయకుండా దొరికితే జరిమానా వేస్తారు.

శంషాబాద్‌లో పెట్టెలు ఇచ్చాక కౌంటర్‌లో అమ్మాయి వాటికి ఒక పొడవాటి కాగితం చుట్టి, అందులోంచి చిన్న ముక్క చింపి మీ బోర్డింగ్ పాస్‌కు అంటిస్తుంది. అక్కడ నుంచి కదలకుండా ఆ ముక్క చూడండి. దాని మీద పెద్ద అక్షరాల్లో ఎంఈఎల్ అని ఉంటే మీ పెట్టెలు మెల్‌బోర్న్‌లోనే దిగుతాయి, హోచిమిన్‌లో "ట్రాన్స్‌ఫర్" అన్న బోర్డు వైపు నడవండి. ఎస్‌జీఎన్ అని ఉంటే అది హోచిమిన్, ఆ ఊరి పాత పేరు సైగాన్ నుంచి వచ్చిన అక్షరాలు. అప్పుడు ఇమిగ్రేషన్ వరుసలో ఈ-వీసా కాగితం పట్టుకుని నిలబడి, బెల్టు దగ్గర మీ పెట్టెల కోసం ఆగాలి.